రామపత్రి పండిన వానాకాలం

ఆ మధ్యాహ్నం పద్మనాభన్న చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి రాకపోయి ఉంటే, నేను మళ్ళీ మా ఊరు చింతామణి పొలిమేర దాటి ఉండేదాన్ని కాదు.

ఆ రోజు మా తాతగారి తద్దినం. భోజనాలయ్యాయి. మగవాళ్ళు నడిమింట్లో వక్కాకు వేసుకుంటున్నారు. నేను రోలు పక్కన కూర్చుని, నీళ్ళలో వేలు ముంచి బండల మీద గుమ్మడి తీగ గీస్తున్నాను. వైశాఖమాసపు ఎండకు బండలు కాలిపోతున్నాయి. ఈ చివర ఆకు గీసేలోపు ఆ చివర ఆకు ఆరిపోయేది. అదే నాకు అనుకూలం. ఎవరి కంటా పడదు.

మా వీధి ఆడపిల్లలందరికీ ముగ్గులు నేర్పింది నేనే. పెళ్ళయి రెండేళ్ళు తిరగకముందే మా ఆయన విషజ్వరంతో పోయారు. పుట్టింటికి తిరిగొచ్చిన మర్నాడు అలవాటు కొద్దీ ముగ్గు గిన్నె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళబోతుంటే, అమ్మ ఏమీ అనకుండా నా చేతిలోంచి ఆ గిన్నె తీసి వదిన చేతిలో పెట్టింది. నా బతుకు ఇకమీదట ఎలా ఉండబోతోందో అంతకంటే వివరంగా నాకెవరూ చెప్పలేదు. అప్పటినుంచి నాకు మిగిలింది పెరటి బండలూ, తడి వేలూ.

పద్మనాభన్న మా చిన్నాయన కొడుకు. బెంగళూరులో ఒక కాలేజీలో చెట్లూ చేమల గురించి పాఠాలు చెప్పేవాడు. చెంబు పట్టుకుని వచ్చినవాడు చేతులు కడుక్కోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"ఇంకోటి గీయి గిరిజా," అన్నాడు.

"ఏమన్నా?"

"ఏదైనా. అదో, ఆ కాకర తీగ గీయి."

గీశాను. అది ఆరిపోయేదాకా నిలబడి చూశాడు. తర్వాత ఆ ఎంగిలి చేత్తోనే లోపలికి వెళ్ళి మా అన్న అశ్వత్థనారాయణ ఎదురుగా కూర్చున్నాడు.

ఆ వానాకాలమంతా పడమటి కొండల సీమ మలెనాడులో ఆగుంబె పక్కన ఒక అడవిలో ఉండి, అక్కడి మొక్కలన్నిటి మీద పుస్తకం తయారు చేయమని కాలేజీవాళ్ళు ఆయనకు అప్పగించారట. బొమ్మలు గీయాల్సిన మనిషి కామెర్లు వచ్చి ఊరికి వెళ్ళిపోయాడట.

"గిరిజను పంపప్పా. పుస్తకంలో పేరు వేస్తారు," అన్నాడు.

అన్న కంటే ముందు అమ్మ లేచింది. "మొగుడు పోయిన పిల్లను అడవికి పంపేదా? పేటలో మేము తల ఎత్తుకొని తిరగాల్నా, వద్దా?"

అప్పటిదాకా గోడకు చేరగిలబడి కునికిపాట్లు పడుతున్న మా చిన్నమ్మ, అంటే పద్మనాభన్న తల్లి, కళ్ళు తెరవకుండానే మాట్లాడింది. "వీడి పెండ్లాం కానుపుకు పోయిండాది. వీడికి ఉడకేసి పెట్టేదానికి నేనెట్లాగూ పోతాండాను కదక్కా. పిల్ల నా పక్కలో పండుకుంటాది. ఇద్దరమూ ముండమోపులమే. మమ్మల్ని ఏ పులి ముట్టుకుంటాది?"

అమ్మకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్న వక్కాకు నములుతూ కూర్చున్నాడు. అంగట్లో తక్కెడ పట్టుకున్నప్పుడూ అంతే. ముల్లు నిలిచేదాకా నోరు విప్పడు. చివరికి, "వినాయక చవితి లోపల వచ్చేయాల. మీ వదినకు అప్పటికి నెలలు నిండతాయి," అన్నాడు నా వైపు చూడకుండా.

*

మా చింతామణి వైపు చెట్టంటే ఒక చెట్టు. అల్లంత దూరంనుంచే అది చింతో వేపో, ఎవరి చేనిదో చెప్పేయవచ్చు. ఆ అడవిలో ఏ ఆకు ఏ చెట్టుదో మొదటి వారం నాకు అర్థమే కాలేదు. మాను చుట్టూ పాచి. పాచిలో చేతివేళ్ళంత మొక్కలు. ఆ మొక్కల వేర్ల సందుల్లో ఇంకేదో తెల్లటి పువ్వు. వాటన్నిటినీ కలిపి కట్టేసినట్టు పైనుంచి కిందికి తీగలు. ఒకదాని మీద ఒకటి అద్దెకున్నట్టు కాదు, చుట్టరికం మీద వచ్చి ఉండిపోయినట్టు ఉండేవి. పైన ఆకాశం కనిపించేది కాదు. వాన ఆగిపోయాక కూడా ఆకుల మీదినుంచి ఆకుల మీదికి ఇంకో వాన చాలాసేపు పడుతూనే ఉండేది.

మేం అడవి అంచున ఉన్న పాత బంగళాలో దిగాం. కాపలాదారు మునిశామప్పది మా వైపు ఊరే, బాగేపల్లి. మేం తెలుగు మాట్లాడుకోవడం విని పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే అతను అడిగిన మొదటి మాట, "మన పక్క వానలు పడినాయామ్మా?"

"యాడ పడినాయప్పా, రాగి చల్లేదానికి కూడా తడి లేదు," అంది చిన్నమ్మ.

అతను బయట కురుస్తున్న వాన వైపు చూశాడు. "ఈడ ఎవరడిగినారని ఇట్లా పోస్తాండాడో ఆ దేవుడు. ఒక్క రోజుది మా చెరువుకు పంపిస్తే సాలు కదా," అన్నాడు. ఆ అడవిలో ఏళ్ళ తరబడి తిరుగుతున్నా, అతనికి ఆ వాన మీద కోపం పోలేదు.

అది సర్కారు కాపాడి పెట్టిన అడవి. ఎండుపుల్ల ఏరుకోవాలన్నా మునిశామప్పతో చెప్పాలి. మొక్కకు ఒక్క రెమ్మ కంటే ఎక్కువ తుంచకూడదు. ఎక్కడో ఒకటీ అరా ఉండే మొక్కనైతే ముట్టుకోనే కూడదు. అది ఉన్నచోటికే వెళ్ళి, గొడుగు కింద కూర్చుని గీసుకోవాలి. తుంచిన రెమ్మ సాయంత్రానికి వాడిపోతుంది. వాడాక దాని ముఖం వేరు. కాబట్టి ఎప్పుడూ తొందరే.

మొదట గీయమని పద్మనాభన్న ఇచ్చింది, వాగు పక్కన బండకు అంటుకుని పెరిగే ఒక చిన్న మొక్క. నీళ్ళు నిండిన కాడలు, లేత గులాబి పూలు. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీశాను. ఈనెకు అటొక గీత, ఇటొక గీత, వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఆయన చూసి కాగితం పక్కన పెట్టాడు. "ఇది ముగ్గు గిరిజా. ఆకు కాదు."

నాకు రోషం వచ్చింది. "ఏం తప్పుండాది అన్నా?"

"ఈ పక్క మాదిరే ఆ పక్కా ఉండాలని నీకెవరు చెప్పినారు? ఊరికే చూడు. ఈ రోజు గీయొద్దు, చూడు."

విసురుగా వెళ్ళి ఆ బండ ముందు కూర్చున్నాను. చాలాసేపటికి గానీ నా కళ్ళకు అది కనిపించలేదు. ఆ మొక్క ఆకుల్లో ఒక్కటీ సమంగా లేదు. ఈనెకు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క ఇరుకు. ఒక పక్క కిందికి జారి, ఒక పక్క పైనే ఆగిపోయింది. ముడతపడిందేమో, పురుగు పట్టిందేమో అనుకుని పక్క మొక్కను చూశాను. అదీ అంతే. కొండచరియ పొడుగునా ఉన్నవన్నీ అంతే.

"వీటికి ఏమైనా రోగమా?" అని అడిగాను.

"రోగం లేదు. లోపమూ కాదు. దీని జాతే అట్లా పుడుతుంది," అన్నాడు.

ఆ మర్నాడు గీసిన బొమ్మను ఆయన పక్కన పెట్టలేదు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో తెలీదు. భూమిని ఆనుకుని దొంగచాటుగా పూసే యాలకుల పువ్వు గీశాను. పడగ ఎత్తిన పాములా ఒకటే ఆకుపచ్చ దొన్నె లేచే దుంప మొక్క గీశాను. కొమ్మల మీదినుంచి జడకుచ్చుల్లా వేలాడే పూలు గీశాను. కాళ్ళకు జలగలు పట్టకుండా పొగాకు నీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టుకునేదాన్ని. ఆ తడి గాలికి కాగితాలు ఆరేవి కావు. చిన్నమ్మ కుంపటి చుట్టూ వాటిని అప్పడాల్లా పరిచి, తిరగేస్తూ కూర్చునేది.

"ఇన్ని అప్పడాలు ఆరబెట్టి ఒక్కటీ వేయించుకొని తిననిది నేనొక్కతినే," అని గొణిగేది. కాస్త పొగ వాసన వచ్చినా నేను అరిచేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తని నేను, అక్కడ అరిచేదాన్ని, పకపకా నవ్వేదాన్ని, ఆకలి వేసి రెండోసారి అన్నం పెట్టించుకునేదాన్ని. అక్కడ నన్నెవరూ, "పాపం, చిన్న వయసులో" అనేవారు కాదు. "ఆ రెమ్మ వాడిపోతుంది, తొందరగా రా," అనేవారు.

*

ఆషాఢం చివర ఒక రాత్రంతా పెనుగాలి వీచింది. తెల్లారేసరికి మునిశామప్ప ఒక కొమ్మను భుజాన వేసుకుని వచ్చాడు.

"రామపత్రి చెట్టుది. గాలికి ఇరిగి పడిండాది. పద్మనాభ మేష్ట్రు దీనికోసమే కదా మెడలు నొప్పి పుట్టేటట్టు పైకి చూస్తాండింది?"

నిజమే. జాపత్రి జాతికి చెందిన ఆ చెట్టు కాయలు తాటిచెట్టు కంటే ఎత్తున ఉండేవి. అంతెత్తు ఎక్కగలిగేవాళ్ళు లేరు. పద్మనాభన్న కాగితాల కోసం తీర్థహళ్ళికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా ఆగే వీలు లేదు. నేను కొమ్మను వరండాలో పెట్టించుకుని కూర్చున్నాను. తుప్పు రంగు నూగుతో ఉన్న కాయలు పగిలి రెండు చిప్పలుగా విచ్చుకున్నాయి. లోపల గింజ. గింజను చుట్టుకుని వల అల్లినట్టు ఒక ఎర్రటి తొడుగు. వట్టి ఎరుపు కాదు. నిప్పుకణికకు ఉండే ఎరుపు. అంచుల్లో పసుపు జాడ.

మా ఆయన పోయాక నేను ఎరుపును చేత్తో పట్టుకున్నది అదే మొదటిసారి. కలిపిన రంగును ఒకసారి కడిగేసి మళ్ళీ కలిపాను. తర్వాత పనిలో పడి ఆ సంగతి మరిచిపోయాను.

మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకు, తడిసి ముద్దయిన ఒక మనిషి గొడుగు ముడుచుకుని వరండా మెట్లెక్కాడు. తల ఎత్తి చూస్తే మా అన్న.

"చేతికేమైందే?" అన్నాడు వస్తూనే. ఆయన ముఖం పాలిపోయింది.

చూసుకున్నాను. విరిగిన కొమ్మ నుంచి కారిన ఎర్రటి జిగురు నా అరచేతులకు అంటుకుని ఉంది. "దెబ్బ కాదన్నా. ఈ చెట్టుకు రక్తం మాదిరి కారతాది."

ఆయన కూలబడ్డట్టు బల్ల మీద కూర్చున్నాడు. పాదానికి జలగ పట్టుకుని ఉంది. చిన్నమ్మ తన వక్కాకు పెట్టెలోంచి సున్నం తీసి రాసి దాన్ని ఊడగొట్టింది. "రా నాయనా. ఈడ అందరికంటే ముందు మర్యాద చేసేది ఇవే," అంది.

అన్న నవ్వలేదు.

"సామాను సర్దుకో గిరిజా. రేపు పొద్దున బస్సుకు పోదాం."

"ఏమైంది?" అంది చిన్నమ్మ.

"పేటలో నోళ్ళు మూయలేకుండా ఉండాను చిన్నమ్మా. సరుకు కొనే పని లేకున్నా అంగడికొచ్చి, మీ చెల్లెలు అడవిలో ఎవరితో ఉండాదప్పా అని అడిగి పోతాండారు. అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. గిరిజ వదినకు కాళ్ళు వాచి, పొయ్యి దగ్గర నిలబడలేకుండా ఉండాది."

ఆయన నా మీద కోపంతో రాలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నన్ను ఆదరించి ఇంట్లో పెట్టుకున్న మనిషి. నా మూలంగా తల దించుకోవలసి వచ్చిందని ఆయన చెప్పలేదు. చెప్పకుండా, తడి ధోవతి పిండుకుంటున్నాడు.

"సరే అన్నా," అన్నాను. "ఇది ముగించి లేస్తాను. రేపటికి ఇది ఉండదు."

"ఏది?"

పక్కకు జరిగాను. అన్న వంగి చూశాడు. రాలిన కాయ ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ మనిషి ముఖం మారడం నేను చూశాను.

మాది పచారీ సరుకులూ, మందు దినుసులూ అమ్మే అంగడి. మిరియాలు, దాల్చినచెక్క, గుగ్గిలం, సీకాయ, అన్నీ గోనెల్లో మలెనాడునుంచే వస్తాయి. అన్న పుట్టి పెరిగింది ఆ గోనెల మధ్యనే.

"ఇది రామపత్రి కదే?" అన్నాడు.

"అవునన్నా."

"ఈ తొడుగునే నాయన కాలం నుంచీ అమ్ముతాండాను. ఎండిపోయి, ముదురు బెల్లం రంగులో, విరిగి పొడి పొడిగా వస్తుంది." కాయను వేళ్ళ మధ్య తిప్పాడు. "ఇట్లా ఉంటుందని నాకు తెలీదే."

"కాసేపట్లో ఇదీ నల్లబడతాది. అందుకే..."

"మాట్లాడొద్దు. గీయి," అన్నాడు.

గాలి తిరిగి, జల్లు వరండాలోకి కొట్టడం మొదలుపెట్టింది. నేను కాగితం లోపలికి తీసుకోబోయాను. లోపల వెలుతురు చాలదు. అన్న లేచి, గొడుగు విప్పి, జల్లు వచ్చే వైపు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు. చిన్నమ్మ కాఫీ తెస్తే తల అడ్డంగా ఊపాడు. నేను గింజను గీసి, వల గీసి, ఆ వల సందుల్లోంచి కనిపించే నల్లటి గింజ మెరుపు గీసి, చిప్పలోపలి తెలుపు గీసి, తలెత్తేసరికి సాయంత్రమైంది. ఆయన వీపు మొత్తం తడిసిపోయి ఉంది.

నేను పని చేస్తుండగా అన్న చూడటం అదే మొదలు. ఇంట్లో వంట చేస్తుంటే, రుబ్బుతుంటే, ఎన్నోసార్లు చూసే ఉంటాడు. ఇది వేరు.

బొమ్మ వైపు చూసి, "ఎరుపు సరిగ్గా కుదిరింది," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున నేను మూట కట్టుకుని కూర్చున్నాను. అన్న కనిపించలేదు. తెల్లవారుతూనే మునిశామప్ప వెంట అడవిలోకి వెళ్ళాడని చిన్నమ్మ చెప్పింది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. బాగా పొద్దెక్కాక ఇద్దరూ వచ్చారు. అన్న చొక్కాకు పాచి, తలలో ఆకులు.

"గిరిజా, మిరియాలకు పూత ఎట్లుంటుందో తెలుసా నీకు? ఉడుత తోక మాదిరి సన్నంగా వేలాడుతుంది. నేను ఇన్నాళ్ళూ మిరియాలు చెట్టుకు కాస్తాయనుకున్నా. తీగకే! చెట్టును పట్టుకొని ఎంత ఎత్తుకు పోయిండాదో!"

"అది నేనూ గీసినానన్నా."

"దాల్చిని చెట్టును మునిశామప్ప చూపించలేదు. ఆకు నలిగిన వాసనకు, ఈడ యాడో ఉండాదని నేనే చెప్పినాను. వెతికితే ఉండాది."

మునిశామప్ప నవ్వుతూ, "ఉండాదమ్మా. కుక్క మాదిరి వాసన పట్టినాడు," అన్నాడు. అన్న కూడా నవ్వాడు. మా నాన్న పోయి అంగడి భుజాన పడ్డాక, ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

భోజనం చేశాక, అప్పుడే తీర్థహళ్ళి నుంచి వచ్చిన పద్మనాభన్న దగ్గర ఒక కార్డు అడిగి తీసుకుని ఇంటికి జాబు రాశాడు. రాసింది పైకి చదివాడు కూడా: ఘాటు రోడ్డు మీద చెట్లు పడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, దారి తెరిచాక గిరిజను పిలుచుకుని వస్తాను.

కార్డు అందుకున్న మునిశామప్ప అయోమయంగా నిలబడ్డాడు. "దారి బాగానే ఉండాది కదప్పా? బస్సు పొద్దునే కదా పోయింది?"

"ఉండాది. నువ్వు కార్డు పోస్టులో వెయ్యప్పా," అన్నాడు అన్న.

తూకంలో ఒక్క గింజ అటూ ఇటూ పోనివ్వని మనిషి ఆయన. నేను మూట విప్పి కుంచెలు బయటికి తీశాను. వారం పైగా ఆ దారి తెరుచుకోలేదు.

*

శ్రావణంలో ఇల్లు చేరాం. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నల్లబడినావు," అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. చవితికి ముందే వదినకు ఆడపిల్ల పుట్టింది. పురుడు, పథ్యం, పెద్దపిల్లల స్నానాలు, వంట, అన్నీ నా చేతిమీద పడ్డాయి. ఊపిరి తిరగని ఆ పనిలో అడవి నాకు నిజంగా జరిగినట్టే అనిపించేది కాదు.

పేటలో మాటలు ఆగలేదు. ఒకరోజు అంగడి దగ్గర ఎవరో పెద్దమనిషి మళ్ళీ నా సంగతి ఎత్తాడట. అన్న డబ్బాలోంచి చిటికెడు ఎండు రామపత్రి తీసి ఆయన అరచేతిలో పెట్టి, "ఇది పచ్చిగా ఉన్నప్పుడు ఏ రంగులో ఉంటుందో తెలుసా నీకు?" అని అడిగాడట. ఆయన అది చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడట. ఈ సంగతి వదిన చెప్పి చెప్పి నవ్వింది.

కార్తీకంలో పద్మనాభన్న వచ్చాడు. బొమ్మలు చూసి కాలేజీలో నన్ను పనిలోకి తీసుకుంటామన్నారట. నెల జీతం. ఉండటానికి చిన్నమ్మ ఇల్లే ఉంది. వచ్చే సోమవారం లోపల మాట చెప్పాలి.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఒకే మాట అంది. "ఆడబిడ్డకు కూడు పెట్టలేక ఉద్యోగానికి పంపినారంటారు. నేనుండగా అది వద్దు."

అన్న అమ్మ మాటకు ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు. అడవిలో గొడుగు పట్టుకుని నిలబడిన మనిషి, ఇంట్లో తల దించుకుని అన్నం తిని అంగడికి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. గొడుగు జల్లును ఆపుతుంది. అమ్మ ఏడుపును అది ఆపలేదు కదా. పద్మనాభన్న నా వైపు చూశాడు. నేను పసిదాన్ని ఊపుతూ ఉండిపోయాను.

శనివారం పొద్దున నిద్ర లేచేసరికి వంటింట్లో చప్పుడు. వెళ్ళి చూస్తే వదిన. పసిదాన్ని చంకన వేసుకుని, జుట్టు ముడి జారిపోతుంటే మోచేత్తో తోసుకుంటూ, పొయ్యి ఊదుతోంది. కళ్ళనిండా పొగ. పెద్దపిల్లలిద్దరూ అప్పటికే స్నానాలు చేసి, నుదుట బొట్లతో గోడవారన కూర్చుని ఉన్నారు.

"ఇంకా బాలింతవి. జరుగు వదినా, నేను చేస్తాను," అన్నాను.

"నువ్వు పోయి కూర్చో."

"వదినా..."

"కూర్చోమన్నానా?" అంది గట్టిగా. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు లేకుంటే నాకు చెయ్యి ఇరిగినట్టే. అది నాకు తెలుసు. అయినా కూర్చో," అంది.

వదిన వంట చేసి నెలలైంది. పప్పు ఉడకలేదు. అన్నం అడుగంటింది. అలసంద పులుసు ఒక్కటే చూడటానికి బాగుంది. అందరికీ తనే వడ్డించింది. అన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మంచినీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు.

అమ్మ ముద్ద మింగి, "ఉప్పు ఎక్కువైంది," అంది.

వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "అవునత్తా. గిరిజ పోయినంక మనకు ఈ పులుసే. ఇప్పట్నించే అలవాటు చేసుకుంటే మేలు కదా అని చేసినాను," అంది.

పసిది ఉం ఉం అని మూలిగింది. అన్న చెంబు కింద పెట్టాడు. అమ్మ తల వంచుకుని, విస్తట్లో ఉన్న అన్నాన్ని వేళ్ళతో మెల్లగా కలుపుతూ కూర్చుంది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. అన్నం మధ్యలో గుంట చేసి, తల ఎత్తకుండానే విస్తరిని వదిన వైపు కాస్త జరిపింది.

"ఈ పులుసే ఇంకొంచెం పొయ్యి," అంది.